జింకు దిమ్మ

"పిల్ల రక్తంలో మాత్రల మందు చుక్క కూడా లేదట మెమే! చుక్క కూడా!"

ఓడీల్ ఒంటి మీది కోటు కూడా విప్పలేదు. పొద్దున్నే హాలిఫాక్స్ ఆసుపత్రి నుంచి బయలుదేరి, దారిలో కాఫీకైనా ఆగకుండా కారు తోలుకొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి అరుస్తోంది. బూట్ల మీది మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది. మామూలు రోజైతే ఆ మడుగు చూసి ముసలావిడ నాలుగు చీవాట్లు పెట్టేది.

ఆ ఇంట్లో వాళ్ళే కాదు, ఊరంతా ఓడీల్ అత్తగారిని నాయనమ్మ వరస కలిపి మెమే అనే పిలుస్తారు. ఆవిడ తలెత్తలేదు. బల్ల ముందు కూర్చుని రాప్యూర్ అనే వంటకం కోసం బంగాళాదుంపలు తురుముతోంది. సోమవారం తెల్లారితే ఆ తీరంలోని పడవలన్నీ లాబ్‌స్టర్ రొయ్యల్ని పట్టే బోనులు సముద్రంలో దించడానికి కదులుతాయి. ముందు రోజు ఆదివారం కోడిమాంసం వేసి రాప్యూర్ కాల్చని ఏడాది లేదు. మనవరాలు గొట్టాల మధ్య పడి ఉన్నా సరే, దుంపలు తురమాల్సిందే!

"మిమ్మల్నే. వినబడుతోందా?"

"నాకేం చెవుడు రాలేదు. తలుపెయ్యి, చలి కొడుతోంది."

ఓడీల్ తలుపు విసురుగా వేసింది. అల్మరాలో కప్పులు గలగలమన్నాయి.

"పిల్లకి మూర్ఛ వచ్చి ఎంతకీ ఆగకపోతే, నిద్రమందు ఎక్కించి వారం నుంచి పడుకోబెట్టారు. ఇవాళ ఆ మందు తగ్గిస్తున్నారు. ఇన్నాళ్ళూ డాక్టరమ్మ నన్నేం అడుగుతోందో తెలుసా? మాత్రలు మానేసిందా అని. లేదు లేదు అని దేవుడి మీద ఒట్టేసి చెప్పాను. ఇవాళ రక్తం కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఎంత సిగ్గేసిందనుకున్నారు! నేలలోకి కుంగిపోతే బాగుండనిపించింది."

"పిల్లే ఎక్కడో ఉమ్మేసుంటుంది."

"రోసలీన్ అలాంటిది కాదు. పన్నెండో ఏట నుంచి మింగుతోంది ఆ మాత్రలు. ఒక్క పూట తప్పలేదు. నేను చేపల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకి మారినప్పటి నుంచి వాళ్ళ నాన్నే చేతిలో పెడుతున్నాడు కూడానూ."

తురుముతున్న చెయ్యి వేగం పెరిగింది. ఓడీల్ అది చూసింది.

"మెమే! మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? ఆ మందు దాన్ని మట్టిబొమ్మని చేసిందని తెలుసు. పాట మొదలెట్టి మధ్యలో మర్చిపోయేది. పొయ్యి మీద పాలు పెట్టి పాల ముందే నిలబడి ఏంటిది మెమే అని అడిగేది. పందొమ్మిదేళ్ళ పిల్ల! చూస్తూ చూస్తూ ఏ తండ్రికి కడుపు తరుక్కుపోదు? వాడు మంచికే చేశాడు."

అనేశాక ఆవిడకి తెలిసింది నోరు జారిందని. తురుము పళ్ళెంలో చెయ్యి ఆగిపోయింది.

 పొయ్యి మీద కోడి ఉడుకుతున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

"ఎవరు? ఏం చేశాడు?" అంది ఓడీల్ చివరికి. 

మెమే నడుముకి కట్టిన వంటగుడ్డకి చేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా దుంపల జిగురు వదలడం లేదు. "చూడు ఓడీల్, నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు రేవు మీదకెళ్ళి పదిమందిలో నా కొడుకు పరువు తియ్యకు. బోనులు దించబోయే ముందు పడవ దగ్గర గొడవైతే అచ్చిరాదు."

"ఇంతకన్నా అచ్చిరాకపోయేది ఇంకేం మిగిలింది మెమే?"

తలుపు మళ్ళీ దడేలుమంది.

*

రేవంతా బోనుల గుట్టలే. పడవల మీద మనిషెత్తు పేర్చి తాళ్ళు బిగిస్తున్నారు. ఓడీల్‌ని చూడగానే నవ్వులూ కేకలూ ఆగిపోయాయి. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడు దగ్గరికొచ్చాడు.

"పిల్ల ఎలా ఉందమ్మా?"

"ఉంది" అంటూ ఆగకుండా ముందుకు నడిచింది.

భర్త యులీస్ షెడ్డులో ఉన్నాడు. వెనక తలుపులోంచి పడవ కనబడుతోంది. దాని ముక్కు మీద 'రోసలీన్' అని తెల్లరంగుతో రాసిన పేరు. కూతురు పుట్టిన ఏడాది కొన్న పడవ అది. యులీస్ బెంచీ మీద కూర్చుని పాత జింకు దిమ్మ ఒకటి చేతిలో తిప్పుతున్నాడు. పడవ అడుగున, ఫ్యాను తిరిగే ఇరుసుకి ఆ దిమ్మ బిగిస్తారు. ఉప్పునీళ్ళు ఇరుసు జోలికి పోకుండా ముందు జింకుని తింటాయి. ఏడాదికల్లా అది చెదలు పట్టిన చెక్కలా గుల్లైపోతుంది. అప్పుడది తీసేసి కొత్తది వేస్తారు. ఆ తీరంలో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే.

"మాత్రలు ఏం చేశావు?"

యులీస్ తల తిప్పి చూశాడు. భార్య ముఖం చూడగానే అబద్ధమాడే ఓపిక అతనికి లేకపోయింది.

"నీళ్ళలో పారేశాను."

"ఎప్పటి నుంచి?"

"ఆపిల్ పళ్ళు కోసినప్పటి నుంచి."

ఓడీల్ అక్కడే ఉన్న తాళ్ళ చుట్ట మీద కూలబడింది. 

"మన పిల్లే అడిగింది, ఓడీల్. నాన్నా, ఈ మాత్రలు మింగితే నా బుర్ర నిండా పొగమంచే అంది. బోనులు దించే చోట్ల పేర్లు నాకన్నా దానికే బాగా తెలుసు కదా, ఒక్కొక్కటే మర్చిపోతున్నానని ఏడ్చింది. ఒక్క సీజను నీ పక్కన పడవ మీద పనిచెయ్యనీ, తర్వాత నువ్వు చెప్పినట్టు వింటానంది. నేనేం చెయ్యను?"

"వద్దు అనాలి. తండ్రివి. నాకు చెప్పాలి. డాక్టరమ్మకి చెప్పాలి!"

"ఆవిడ చెప్పినట్టే చేశాననుకున్నాను."

"ఏమిటీ?"

యులీస్ లేచి కిటికీ గట్టు మీది సీసా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. మందుల షాపులో ఎవరికైనా అమ్మే విటమిన్ గోళీలు. లోపల నూనెతో పచ్చగా మెరుస్తున్నాయి.

"పోయిన శీతాకాలం ఆవిడ మనల్ని కూర్చోబెట్టి చెప్పింది, గుర్తుందా? ఆవిడ ఇంగ్లీషు గబగబా పోతుంది. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసు. గంటసేపు తలూపాను గానీ ముక్క ఎక్కలేదు. ఆఖర్న, నువ్వేం పని చేస్తావు అనడిగింది. పడవ అన్నాను. అయితే నీకు జింకు తెలుసుగా అంది. మూర్ఛ వస్తే మెదడు కణాలకి తుప్పు పడుతుంది, కణాల్లో కూడా ఒక జింకు ఉంటుంది, ముందు అది అరుగుతుంది, అది అయిపోయాక తుప్పు లోపలికి దిగుతుంది అంది. జింకు ఆవిడ భాషలోనూ జింకే, మన భాషలోనూ జింకే. ఆ ఆసుపత్రిలో ఇన్నేళ్ళలో నాకర్థమైన మాట అదొక్కటే ఓడీల్."

"అయితే?"

"అయితే ఏముంది, జింకు మార్చాను. కణాల్ని తుప్పు నుంచి కాపాడుతుందని సీసా మీద మన ఫ్రెంచిలోనే రాసుంది. పూటకి రెండు ఇచ్చాను. జింకు కొత్తగా ఉంటే ఇరుసుకి భయం లేదు కదా అనుకున్నాను."

ఓడీల్ కళ్ళప్పగించి చూసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదామెకి.

"యులీస్, నేనూ ఈ రేవులోనే పుట్టాను. ఇంజను తగలబడుతుంటే ఎవడైనా దాన్ని ఆపుతాడు. జింకు మార్చి చేతులు దులుపుకుంటాడా? ఆ మాత్రలు ఇంజను ఆపేవి రా! ఆపేవి పారేసి, అరిగేవి ఇచ్చావు!"

"రెండు నెలలు ఏమీ కాలేదు! దాని ముఖం ఎలా వెలిగిందో నువ్వు చూడలేదా? అంట్లు తోముతూ పాట మొత్తం పాడితే నువ్వేమన్నావు? నా పిల్ల నాకు తిరిగొచ్చింది అనలేదూ? నువ్వే అన్నావు!"

అన్నది. ఆ మాట అన్నది తనే. ఆ రోజు చేతులు తుడుచుకోకుండానే కూతుర్ని వాటేసుకుంది. ఆ సంతోషం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలని ఆమెకి తోచలేదు. ఎందుకు తోస్తుంది? సంతోషాన్ని నిలదీసేంత బుద్ధి ఏ తల్లికుంటుంది?

ఓడీల్ అతని చేతిలోని దిమ్మ లాక్కుని నేలకేసి కొట్టింది. గుల్లబారిన దిమ్మ మూడు ముక్కలైంది. బయట తాళ్ళు బిగిస్తున్న వాళ్ళు ఇటు తిరిగి చూశారు.

అప్పుడే ఆమె జేబులో ఫోను మోగింది.

విన్నది. "వస్తున్నాం" అంది. ఫోను జేబులో పెట్టుకుంటూ భర్త వైపు చూడకుండా చెప్పింది: "కళ్ళు తెరిచిందట. కారెక్కు."

*

హాలిఫాక్స్ దాకా ఓడీలే కారు తోలింది. ఒకచోట యులీస్ "హీటరు పెంచనా?" అన్నాడు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అతను పెంచలేదు.

డాక్టరమ్మ మకాస్కిల్ వరండాలోనే ఎదురొచ్చింది. తెల్లజుట్టు, పొడుగాటి మనిషి. లోపలికి పోనివ్వకుండా పక్కగదిలో కూర్చోమంది. అలా కూర్చోమనడంలోనే ఓడీల్‌కి సగం సంగతి అర్థమైపోయింది.

యులీస్ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉన్నదంతా చెప్పేశాడు. తనకొచ్చిన ఇంగ్లీషులో, రాని చోట ఫ్రెంచిలో, రెండూ చాలని చోట చేతులతో. జింకు దగ్గరికొచ్చేసరికి డాక్టరమ్మ ముఖంలో రంగు పోయింది.

"అది నేనన్న మాట" అంది నెమ్మదిగా. "జింకు అరిగిపోతుందని చెప్పాను. మీకర్థమైనందుకు ఆ రోజు సంబరపడ్డాను కూడా. మూర్ఛని ఆపేది జింకు కాదని మాత్రం చెప్పలేదు. చెప్పాలని కూడా తట్టలేదు."

"ఆ గోళీలు ఏమీ చెయ్యలేదా?" అన్నాడు యులీస్. కొంచెమైనా చేశాయని అంటుందేమోనని చూస్తున్నాడు.

"ఎలుకలకి ముందే ఇస్తే కొంత కాపు కాశాయని ప్రయోగాల్లో చూశారు. మనుషుల్లో అవి మూర్ఛని ఆపినట్టు నాకు తెలిసి ఎక్కడా లేదు. యులీస్ గారూ, మూర్ఛ అంతసేపు ఆగకుండా ఉంటే మెదడు కణాలు మండిపోతున్నట్టే లెక్క. బతికించే ప్రాణవాయువే ఆ మంటలో విషమై, రవ్వలు రవ్వలుగా కణం గోడల్ని తినేస్తుంది. ఆ రవ్వలని ఆర్పే సరుకు కణంలోనే కొంత ఉంటుంది. అది ఖర్చైపోయింది. వణుకు ఆగింది కదా అని తినడం ఆగదు. తర్వాత కూడా కొన్నాళ్ళు సాగుతుంది. మేం నిద్రపుచ్చి మంట ఆపాం. తుప్పుని ఆపే మందు మా దగ్గరా లేదు."

"ఎక్కడ తిన్నది?" అంది ఓడీల్.

"కొత్త సంగతుల్ని దాచుకునే చోట. రెండు వైపులా. మిమ్మల్ని గుర్తుపడుతుంది. మూర్ఛకి ముందటివి చెబుతుంది. ఇప్పుడు విన్నది మాత్రం కాసేపటికి ఉండదు."

"మళ్ళీ వస్తుందా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చచ్చిన కణాలు తిరిగి రావు. ఏ కొంచెమో మెరుగుపడొచ్చు. ఆశ పెట్టుకోమని మాత్రం నేను చెప్పలేను."

లేవబోతూ ఆగి, అనాలో వద్దో అన్నట్టు అంది: "మాత్రలతో మత్తుగా ఉంటోందని నాకొక్క ఫోను చేసుంటే మార్చేదాన్ని. వేరే మందులున్నాయి."

యులీస్ అప్పుడు కూర్చున్నాడు. కుర్చీలో కాదు, గోడ వారగా నేల మీద.

ఒక్క ఫోను! ఓడీల్ ఆ మాటని మింగలేక, కక్కలేక గదిలోంచి బయటికొచ్చేసింది.

*

రోసలీన్ దిండుకి ఆనుకుని కూర్చుంది. జుట్టు చిక్కులు పడింది, పెదవులు పగిలాయి. అయినా తండ్రి లోపలికి రాగానే ముఖమంతా నవ్వైంది.

"నాన్నా! జింకులు మార్చావా?"

యులీస్ మంచం దగ్గరికొచ్చాడు.

"మార్చాను తల్లీ."

"సోమవారం నన్ను తీసుకెళ్తానన్నావు. మాట తప్పితే ఊరుకోను. మెమే రాప్యూర్‌లో నా ముక్క నాకు ఉంచమను, మాడిన అంచు ముక్క."

"ఉంచుతుందిలేమ్మా" అంది ఓడీల్, మంచానికి అటు పక్క నిలబడి.

యులీస్ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇప్పుడు కాదు, ఇప్పుడొద్దు అని ఓడీల్ కళ్ళతోనే చెప్పింది. అతను ఆమె వైపు చూడలేదు. ఆ భారం అతను ఇంకొక్క క్షణం మొయ్యలేడు.

"రోసలీన్, నీకిలా కావడానికి నేనే కారణం. నీ మాత్రలు పారేశాను. అవి ఉండుంటే నీకీ గతి పట్టేది కాదు. నేనే చేశాను తల్లీ."

పిల్ల అతన్ని తేరిపార చూసింది. తర్వాత పగిలిన పెదవులతో నవ్వింది.

"పిచ్చి నాన్నా! అడిగింది నేను కదా? చెవిలో జోరీగలా వెంటపడి పారేయించింది నేను కదా? రెండు నెలలు నా బుర్ర నాదిగా ఉంది. అది నువ్విచ్చిందే. నీ మీద నాకు కోపం లేదు. ఒట్టు, ఇంతైనా లేదు. ఏడవకు, చూడలేను."

యులీస్ ఆ చేతి మీద నుదురానించి వెక్కివెక్కి ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఓడీల్ అతని ఏడుపు చూడలేదు. తన తండ్రి పోయినప్పుడు కూడా పడవ కిందికి దూరి రంగు వేసుకున్న మనిషి. పిల్ల ఖాళీగా ఉన్న చేత్తో అతని నెత్తి నిమురుతోంది. ఓడీల్ మంచం మీదుగా అతని భుజం వైపు చెయ్యి చాపబోయింది. చాపలేదు.

నర్సు మాత్రా నీళ్ళూ తెచ్చింది. రోసలీన్ అటు తిరిగి బుద్ధిగా మింగింది. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చింది. కిటికీలోంచి పడుతున్న మంచుని కాసేపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

ముఖమంతా నవ్వైంది.

"నాన్నా! ఎప్పుడొచ్చావు? జింకులు మార్చావా?"

యులీస్ తలెత్తాడు. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు.

"ఏమైంది? ఎందుకేడుస్తున్నావు? పడవకేమైనా అయిందా?"

"పడవకేం కాలేదు" అన్నాడు. అని, మళ్ళీ నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో, మొదటి నుంచి మళ్ళీ చెప్పబోయాడో ఏమో, మాట పెగల్లేదు. ఈసారి పిల్ల అలాగే నవ్వుతుందని ఎవరు చెప్పగలరు? నవ్వినా ఆ నవ్వు ఎంతసేపు?

అతను మంచం మీదుగా భార్య వైపు చూశాడు. నీళ్ళలో పడ్డవాడు తాడు కోసం చూసినట్టు చూశాడు.

"ఓడీల్, నువ్వు విన్నావు కదా? కోపం లేదంది. ఒట్టేసింది. దానికి గుర్తు లేకపోయినా నీకు గుర్తుంటుంది. నువ్వు విన్నావు కదూ?"

విన్నది. ప్రతి మాటా విన్నది. ఇంతైనా లేదు అన్నప్పుడు పిల్ల గొంతు ఎంత మెత్తగా ఉందో కూడా విన్నది. ఆ మన్నింపు ఇక ఈ లోకంలో నిలిచి ఉండే చోటు తన బుర్ర ఒక్కటే. రేపూ, ఎల్లుండీ, ముసలితనంలోనూ అతను అడిగినప్పుడల్లా తీసి ఇవ్వాల్సింది తనే. తన పిల్లని తనకి కాకుండా చేసిన మనిషికి.

"నేనేం వినలేదు" అంది ఓడీల్.

యులీస్ చేతులు కూతురి చెయ్యి వదిలేశాయి.

రోసలీన్ ఒకసారి తల్లి వైపు, ఒకసారి తండ్రి వైపు చూసింది. ఇద్దరి ముఖాల్లో ఏం కనబడిందో, నవ్వు మెల్లగా చెదిరిపోయింది.

"ఏం వినలేదమ్మా? నేనేమన్నాను?"